వింటి వీపు

విల్లునకు వీపును కడుపును గలవని చెప్పినప్పుడు మా తరగతిలోని బాలురు నవ్వుదురు. వీపెటువైపున నున్నదో చూపుమన్నచో పెక్కుమంది తప్పుగా చూపుదురు. విల్లు పట్టినవాని మొగమువైపు తిరిగియుండు తట్టు కడుపు. వానికి ఆవలగా, గుఱివైపు తిరిగియుండు తట్టు వీపు. ఇది మొదట వినినవారికి తలక్రిందుగా తోచును గాని, నడుము వంగిన ముదుసలిని ప్రక్కనుండి చూచినచో సందేహము తీరిపోవును. వెలికి ఉబ్బినది వీపు, లోనికి ముడుచుకొన్నది కడుపు. పగవానికి వీపు చూపుట పిఱికితనమని లోకము చెప్పును. విల్లు మాత్రము పుట్టినది మొదలు విఱుగు వఱకు పగవానికి వీపునే చూపుచుండును.

విల్లు చేయువాని నేర్పంతయు ఈ వీపుమీదనే యున్నది. నారి లాగినప్పుడు కడుపు నలుగును, వీపు సాగును. నలుగుటను కొయ్య చాలవఱకు ఓర్చుకొనును. మితిమీరినచో కడుపుమీద సన్నని ముడుతలు పడి విల్లు మెత్తబడునే కాని యొక్కసారిగా విఱుగదు. వీపు సంగతి యట్లు కాదు. సాగుచున్న నారలలో ఒక్కటి తెగినచో దాని బరువు ప్రక్కనారపై బడును, అదియు తెగును, మఱునిమేషమున విల్లు రెండు ముక్కలై లాగినవాని నుదుటనో చెంపనో కొట్టును. కావుననే వింటి వీపున నారలు ఈ కొననుండి ఆ కొనవఱకు తెగక సాగవలెనని వింటిపనివారు పట్టుపట్టుదురు. ఈ విషయమున వెదురు దైవము చేసియిచ్చిన సొత్తు. దాని పైపొరయందే నారలు దట్టముగా నుండును. ఆ పొరను వీపుగా నుంచుకొని లోపలితట్టును చెక్కుకొన్నచో సగము పని యైనట్లే.

మేము లక్డీకాపూలు చెంత ఒక యద్దెయింటి మేడమీద కాపురముండు బడిపంతులము. సంస్కృతమును ఇంగ్లీషును చదివి, రెంటిలో దేనివలనను ధనము గడింపలేక, ఆదివారములందు విండ్లు చేయుట నేర్చితిమి. వెదురుబద్దలు ఎండుచుండుటచేత బట్టలు ఆరవేయుటకు చోటు లేదని మా యిల్లాలు పెట్టు మొఱ న్యాయమైనదే. అయినను మా బడిలో చదువు పిల్లలు నలుగురైదుగురు ప్రతి యాదివారమును వత్తురు. చిత్రికయు ఆకురాయియు పట్టుట నేర్తురు. ఆ రెండు గంటలసేపును వారి చేతిలో ఫోను కనబడదు. ఈ యొక్క కారణముచేతనే వారి తల్లులు మమ్మును దీవించుచున్నారని విందుము.

వారిలో నొకడు వడ్రంగి కొడుకు, పదునాలుగేండ్లవాడు. మాటకంటె చేయి ముందు నడచువాడు. వాడొకనాడు ఉల్లిగడ్డలు పోసి అమ్ము వలసంచి నొకదానిని కత్తిరించి తెచ్చెను. తాను చేసిన వెదురువింటి వీపున ఆ వలను బిగియగట్టి, నురుగుముక్కను రంగులో ముంచి పైపైన అద్దెను. రంగు ఆఱిన పిదప వల విప్పి చూతుము గదా, వింటి వీపు నిండ పొలుసులు! నడుమ ముదురు రంగు, అంచులకు పోను పోను లేత రంగు. మా మేడకు వచ్చిన పాలవాడు దానిని చూచి ఒక్కయడుగు వెనుకకు వేసెను. ఆ వెనుకయడుగే ఆ బాలునకు మొదటి బహుమానము.

ఆ యేడు బడిలో జరిగిన చేతిపనుల ప్రదర్శనమున ఆ విల్లును పెట్టిరి. పరీక్షకులుగా వచ్చిన పెద్దమనిషి దానియొద్ద నిలిచి, వ్రేలితో తడవి, "ఇది అసలు పాముతోలేనా?" అని యడిగెను.

"కాదు సార్, ఉల్లిగడ్డల సంచి" అని బాలుడు చెప్పెను.

చుట్టునున్నవారు పకాలున నవ్విరి. పెద్దమనిషి తన కాగితముమీద 'నకిలీ' యని యొక్కమాట వ్రాసికొని ముందునకు సాగెను. వింటిని ఎత్తి చూడలేదు, వంచి చూడలేదు, రెండు కొమ్మలును సమముగా వంగుచున్నవో లేదో అడుగనైన లేదు. ఆ బాలుడు మూడు నెలలు శ్రమపడినది ఆ సమత్వము కొఱకు. రంగు వేయుటకు పట్టినది ఒక్క మధ్యాహ్నము.

మఱుసటి యాదివారము బాలుడు అందఱికంటె ముందుగా వచ్చి, మెట్లమీదనే నిలిచి మెల్లగా అడిగెను. "సార్, అసలు తోలు దొరుకుతదంట. మా నాయన దోస్తు తెచ్చిస్తనన్నడు. అది అతికిస్తే ఇగ నకిలీ అనరు గద?"

చదువరులు గమనింపవలెను. ఒక పెద్దమనిషి కాగితముమీద గీకిన ఒక్కమాట ఒక బాలుని ప్రాణిహత్యకు బేరమాడు వఱకు తెచ్చినది. వాడు పండుగలకు బంధువులిచ్చిన రూపాయలు దాచుకొన్న డబ్బానుగూడ లెక్కపెట్టుకొని వచ్చెను.

చట్టము సంగతి వానికి మొదట చెప్పితిమి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము కాపాడు పాముల తోలును అమ్ముటయు, కొనుటయు, ఇంట నుంచుకొనుటయు నేరములే. పాముతోళ్ళను విదేశములకు పంపుటను ప్రభుత్వము 1976లో నిషేధించినది. అంతకుముందు మన పొరుగున తమిళనాట ఇరులజాతివారు పాములను పట్టి తోళ్ళవర్తకులకిచ్చి పొట్టపోసికొనుచుండిరి. ఆ బ్రతుకుతెరువు పోగా 1978లో వారొక సహకారసంఘముగా నేర్పడి, పామును చంపక, విషమును మాత్రము పిండి విషపు మందు చేయువారికి అమ్ముట మొదలిడిరి. విషము తీసిన పామును కొన్నాళ్ళకు మరల అడవిలో విడుతురు. తోలు ఒక్కసారి అమ్ముడుపోవును. బ్రతికియున్న పాము పలుమాఱు అక్కఱకు వచ్చును. ఈ లెక్క బాలునకు వెంటనే పట్టుపడినది. మా యిరుగుపొరుగు పెద్దలకు పట్టుపడుట కష్టము. నాగులచవితినాడు పుట్టలో పాలు పోయుదురు. పాము పాలను ఆశించు జంతువు కాదని ప్రాణిశాస్త్రము చదివిన మనుమలు చెప్పినను వినరు. ఆ చేతులే తోలుసంచి కొనవలసివచ్చినప్పుడు అది అసలుదా కాదా యని గోటితో గీకి చూచును.

పోనిండు, చట్టమొకటి లేదనుకొందము. ఆ తోలు వింటికి చేయు మేలేమి? ఉత్తర అమెరికా ఆదివాసులలో కొన్ని తెగలవారు వింటి వీపున పశువుల స్నాయువును, అనగా కాలి వెనుకను వెన్నెముక ప్రక్కను ఉండు నరపునారను, సరేసుతో అతికి, దానిపై గిలకపాము తోలు కప్పెడివారు. మన పిల్లలు ఫోనులలో చూచి మురియు పాముతోలు విండ్లకు మూలమదియే. అందు విల్లునకు బలమిచ్చునది స్నాయువు. అది ఆఱుచు ముడుచుకొని విల్లును ముందునకు లాగిపట్టును. సాగినప్పుడు తెగక నిలుచును. పైనున్న పాముతోలు కాగితమువంటి పలుచని వస్తువు. స్నాయువునకు తడి తగులకుండ కొంత కాపాడును. కంటికి ఇంపుగా నుండును. అంతకుమించి అది చేయు పని లేదు. వెదురువిల్లునకు స్నాయువే లేనప్పుడు దానిని కాపాడు పనియు లేదు. అట్టి వింటిమీద అసలు తోలైనను, రంగుతోలైనను, చేయునది అలంకారమే. రెంటికిని ఉద్యోగమొక్కటే యైనప్పుడు ఒకదానిని దొరయనియు ఒకదానిని దొంగయనియు పిలుచుట ఏ న్యాయము?

ఇచ్చట మా సంస్కృతపు చదువు చాలకాలమునకు ఒక పూట పనికివచ్చినది. వానలు కుఱియుటకై విరాటపర్వము చదివించు ఆచారము మనలో కలదు గాని, విండ్లను గూర్చి తెలిసికొనుటకు దానిని తెఱచువారు అరుదు. ఉత్తరగోగ్రహణ సమయమున ఉత్తరుడు జమ్మిచెట్టెక్కి పాండవుల యాయుధముల మూటను విప్పును. లోపలి విండ్లు ఆవులించు పాములవలె కనబడగా ఆ రాజకుమారునకు మేను గగుర్పొడిచినదని వ్యాసుడు చెప్పినాడు. తోలు లేదు, పొలుసు లేదు. చక్కని వింటి వంపే పామువలె నుండును. మా పాలవాని వెనుకయడుగునకు భారతమున సాక్ష్యము దొరకినందుకు బాలుడు మిగుల సంతోషించెను.

తరువాత ఉత్తరుడు ఒక్కొక్క విల్లును చూపి ఇది యెవరిదని బృహన్నల నడుగును. ఒకదానిమీద నూఱు బంగారుచుక్కలు. ఒకదానిమీద బంగారుటేనుగులు. ఒకదానిమీద అఱువది ఇంద్రగోపములు, అది ధర్మరాజుది. సూర్యబింబములు గలది నకులునిది, మిడుతలు గలది సహదేవునిది. ఇవి యుండుచోటు వింటి పృష్ఠమని మూలమున మాటయే యున్నది. ఇంద్రగోపమనగా తొలకరికి నేలమీద మఖమలు గుండీవలె ప్రాకు మన యారుద్రపురుగు. ధర్మరాజు వింటిమీద నున్నవి బంగారపు ఆరుద్రలు, అసలు ఆరుద్రలు కావు. ఉత్తరుడు వానిని చూచి అబ్బురపడెనే కాని నకిలీ యని వ్రాసికొనలేదు. సత్యమునకు పేరుపడిన రాజు తన వింటి వీపున పురుగుల బొమ్మలను మోసినాడు. వానిని ఎవ్వరును అసలు పురుగులనుకొనరు; అనుకొనవలెనని ఆయనయు కోరలేదు.

కౌటిల్యుని అర్థశాస్త్రము 1909లో మైసూరునుండి శామశాస్త్రిగారి పరిష్కరణమున వెలువడినది గదా. అందు ఆయుధాగారమును గూర్చిన ప్రకరణమున తాటితో, వెదురుతో, కొయ్యతో, కొమ్ముతో చేయు విండ్లు చెప్పబడినవి. నారికి జిల్లేడు, జనుము, వెదురు, స్నాయువు మొదలైనవి పేర్కొనబడినవి. విష్ణువు విల్లునకు శార్ఙ్గమను పేరు కొమ్మునుబట్టియే వచ్చినది. కొమ్మును కడుపున, స్నాయువును వీపున, నడుమ కొయ్యను పెట్టి సరేసుతో అతికిన విల్లే మొగలాయీల నాటికి కమాను అను పేర ప్రసిద్ధమైనది. దానికొక పెద్ద పగ మన వానకాలము. తడిగాలికి సరేసు మెత్తబడును. కావున అట్టి వింటి వీపున వేయు రంగును, పూవులును లతలును దిద్దిన లక్కపూతయు వన్నెకే కాక కవచముగను ఉండెను. తడికి చెడని యుక్కువిండ్లను సైతము మనదేశమున చేసిరి. వానిమీద బంగారుతీగతో నగిషీ చెక్కిరి. యుద్ధములలో తుపాకి వచ్చి విల్లు మూలబడిన పిమ్మట ఈ పనివారేమైరి? కచ్ఛదేశమున కమానుగరులను కులమువారు, విండ్లకు రంగులు దిద్దిన ఆ చేతులతోనే గోడలమీద బొమ్మలు వ్రాయువారైరి. అచ్చటి పాతయిండ్ల గోడలపై వారి చిత్రములకు ఆ కులము పేరే నిలిచినది. విల్లు పోయినది, వింటి వీపుమీది రంగు మాత్రము గోడయెక్కి బ్రతికినది.

మన పట్టణమున కమాను అను మాట తెలియనివాడుండడు. చార్మినారునకు ఉత్తరముగా నున్న నాలుగు తోరణద్వారములను చార్ కమాను అందుము. పారసీకమున విల్లని యర్థము గల మాట వంపునుబట్టి తోరణమునకు చెల్లినది. ఆ కమానుల క్రింద గాజులు కొనువారిలో ఎవ్వరును తాము వింటి క్రింద నడచుచున్నామని తలంపరు.

ఇంతవఱకు విన్న చదువరులు, అనుకరణమునకు మేము వకాల్తా పుచ్చుకొన్నామనుకొందురేమో. అట్లు కాదు. నకిలీ యను తిట్టునకు తగిన విల్లు ఒకటి మా మేడకు వచ్చినది. దాని కథయు చెప్పెదము.

గత వేసవిలో మా వీథిని కాపురమున్న పింఛనుదారు ఒకాయన మనుమనికొఱకు విల్లొకటి కొని తెచ్చి మాకు చూపెను. "మాస్టారూ, అసలైన త్రాచు తోలండీ. నాలుగువేలు పోశాను" అనెను. విల్లు కంటికి గొప్పగానే యున్నది. వీపు నిండ నిగనిగలాడు పొలుసులు. అయితే జానెడు జానెడు దూరమున అదే మచ్చ, అదే వంకరతో మరల మరల వచ్చుచున్నది. పాము తన మచ్చలను అచ్చుయంత్రమున వేయించుకొనదు. అది అచ్చువేసిన రెక్సిను. అంతవఱకు మాకు నవ్వే వచ్చినది. నారి తగిలించి సగము లాగి చూతమని లాగగా లోపలనెచ్చటనో టిక్కుమని చిన్న చప్పుడైనది. విండ్లు చేయువారికి ఆ చప్పుడు కొండచఱియ విఱిగినంతటిది. వెంటనే నారి దింపి, ఆయన యనుమతితో రెక్సినును ఒక మూలనుండి ఒలిచితిమి. కొయ్యనార వీపునకు అడ్డముగా పోయినది. ఆ యడ్డునారలో వ్రేలెడు పగులు. పగులును లప్పముతో పూడ్చి, గరుకుకాగితముతో నునుపు చేసి, పైన పాముతోలు కప్పిరి.

మనుమని యీడు పదియేండ్లు. విల్లును చెక్కిలికి ఆనించి లాగు వయస్సు.

ఆ వృద్ధుని చింతయంతయు తోలు అసలుది కాకపోవుటను గూర్చియే. "రెక్సినా! నాలుగువేలండీ!" అని పలుమాఱు అనుకొనెను. పగులు సంగతి మేము రెండుసార్లు చెప్పవలసివచ్చినది. రెండవసారి చెప్పినప్పుడు గాని ఆయన మొగము మాఱలేదు. అటుపిమ్మట మాఱుమాటాడక ఆ వింటిని అచ్చటనే వదలి మెట్లు దిగిపోయెను.

బడిలోని పరీక్షకుడును ఈ వృద్ధుడును అడిగిన ప్రశ్న ఒక్కటే: తోలు అసలుదా? ఇద్దఱును తోలునే చూచిరి. ఒకడు చక్కని విల్లును కాదనెను. ఒకడు ప్రాణాంతకమైన విల్లును కొని తెచ్చెను. అమ్మినవాడు పట్టుకొన్న మర్మమిదియే. కొనువాని కన్ను తోలుమీద నిలుచునని అతనికి తెలియును. నిలిచిన కన్ను తోలుక్రిందికి పోదనియు తెలియును. నాంపల్లి పబ్లికుగార్డెన్సులో సురభివారి నాటకములు చూచిన దినములలో బంగారుకాగితము చుట్టిన విండ్లను ఎన్నింటినో చూచితిమి. వానిని చూచి మోసమని ఎన్నడును అనుకొనలేదు. రంగస్థలముమీది విల్లు బాణము వేయవలసిన పని లేదు. పిల్లవాని చేతిలోని విల్లు వేయవలెను.

ఆనాటినుండి మా మేడమీద ఒక కట్టుబాటు పెట్టితిమి. చెక్కిన విల్లును మొదట కొంచెము కొంచెముగా, పిమ్మట నిండుగా, నూఱుసార్లయినను లాగి దింపవలెను. అటుపిమ్మట పఱుపులోని దూదిని చిటికెడు తీసికొని వీపుమీద ఈ కొననుండి ఆ కొనకు మెల్లగా రాయవలెను. కంటికి కనబడని పేళిక లేచియున్నచో దూదిపోగు అచ్చట చిక్కుకొనును. దూది చిక్కిన విల్లునకు రంగు లేదు. రెక్సిను, గుడ్డ, తోలు ఏవియు వీపును పూర్తిగా కప్పరాదు. రంగు వేసినను పొలుసునకు పొలుసునకు నడుమ వెదురు కనబడుచుండవలెను. వలసంచి విద్య ఈ కట్టుబాటునకు దేవుడిచ్చిన వరమువలె సరిపోయినది. వలదారము అడ్డుపడినచోట రంగు అంటదు; అచ్చట వెదురు వెదురుగానే నిలుచును. పైన వేయు వార్నీషు తెల్లనిది. విల్లు పాతబడి ఎన్నడైన చీలిక పుట్టినచో ఆ తెల్లని గీతలమీద వెంటనే కనబడును. అసలు పాముతోలు కప్పిన వింటికి ఈ గుణము లేదు. అది తన క్రింద జరుగుదానిని దాచును.

ఆ పనిని వడ్రంగి కొడుకు చాల దూరము తీసికొనిపోయెను. వెదురుమీది మైనపుపొరకు రంగు అంటదు. చాకుతో గీకినచో నార తెగును. కావున తడి గరుకుకాగితముతో మెఱుపు పోవునంతవఱకే రుద్దవలెనని వాడే కనుగొనెను. వలను నిలువుగా కట్టక ఏటవాలుగా లాగినచో కన్నులు నాలుగు పలకలుగా నిలిచి పొలుసులవలె నగును. పాము పొలుసులు తోకవైపునకు చిన్నవగును గదా. వింటికొమ్మయు కొనకు సన్నబడును. కొనవైపు వలను మఱింత బిగించినచో రెండును కలిసిపోవును. కుంచె పనికిరాదు; కుంచెతో రంగు వలక్రిందికి జాఱును. ఇవన్నియు మేము నేర్పినవి కావు. వాడు చేయుచుండగా చూచి మేము వ్రాసికొన్నవి.

మేము చేసినదెల్ల వానికొక నమూనా చూపుటయే. స్కాట్లండుదేశపు వైద్యుడు పాట్రిక్ రస్సెల్ కుంపిణీ కొలువులో విశాఖపట్టణమున నుండి, మన కోస్తా పాములను చిత్రములతో వర్ణించిన గ్రంథము 1796లో లండనున వెలువడెను. అందు పాములకు మనవారు చెప్పిన తెలుగుపేర్లనే ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొనెను. మన రక్తపింజర అందు కాటుక రేకుల పొడ. నేడు ఇంగ్లీషువారు ఆ పామును రస్సెల్ పేరనే పిలుచుచున్నారు. వేఱొకదానికి బంగారుపామని వ్రాయగా, ఆ తెలుగుమాటనుండియే కట్లపాముల జాతికి బుంగారస్ అను శాస్త్రనామము పుట్టినది. ప్రపంచమందలి ప్రాణిశాస్త్రజ్ఞులందఱును కట్లపామును పేర్కొనునప్పుడెల్ల మన బంగారమును పలుకుచున్నారు. ఆ గ్రంథపు చిత్రములు ఇప్పుడు ఇంటింట తెరపై చూడదగియున్నవి. బాలుడు కాటుక రేకుల పొడను చాలసేపు చూచెను. వీపున మూడు వరుసల మచ్చలున్నవనియు, ఒక్కొక్క మచ్చకు నల్లనియంచు కలదనియు లెక్కపెట్టుకొనెను. "పేరు మస్తుగున్నది సార్" అనెను. చంపి తెచ్చిన తోలును వాడింతసేపు చూచియుండెడివాడా? అతికి ఊరకుండెడివాడు. వ్రాయవలసినవాడు గనుక చూచినాడు.

అయినను నకిలీ యను మాట వాని మనస్సులో ముల్లువలె నుండెను. ఒకనాడు మేము కిటికీ యొద్దకు పిలిచి, "ఈ చోటు పేరేమి?" అంటిమి. "లక్డీకాపూల్ సార్." "అనగా?" "లక్కడి పూల్. కట్టె వంతెన." "ఆ కట్టె వంతెన యేది?" వాడు క్రిందికి చూచెను. మెట్రోస్తంభములు, ఆసుపత్రులకు పోవు ఆటోలు, ఎప్పటి సందడి యప్పటిదే. కొయ్యవంతెన జాడ లేదు. "ఇంత పెద్ద అబద్ధమును స్టేషనుమీద పలకగట్టి వ్రాసినారే, ఎవరైన నకిలీ యనుచున్నారా?" అని మేము మా తర్కమునకు మేమే మురిసికొనుచుండగా, వాడు కొంచెమాలోచించి, "ఒకప్పుడుండె గద సార్" అనెను.

చక్కని యుత్తరము. పేరు ఒకనాటి నిజమును మోయుచున్నదని వాని యభిప్రాయము. వాని విల్లు ఏనాడును పాము కాలేదు. అందుచే వానికి మేము వేదాంతులు చెప్పు త్రాటిపాము దృష్టాంతము చెప్పితిమి. మసకవెలుతురున త్రాటిని చూచి పామనుకొని పరుగెత్తినవానిదే పొరపాటు. త్రాడు ఎన్నడును నేను పామునని చెప్పలేదు. "ఇది అసలు తోలేనా?" యని అడిగినప్పుడు నీవేమంటివి? "ఉల్లిగడ్డల సంచి అన్న సార్." అంతే గదా. ఆ గదిలో ఆనాడు అడిగిన ప్రశ్నకు ఉన్నదున్నట్లు బదులు చెప్పినవాడవు నీవొక్కడవే. వాడు నవ్వెను గాని, నవ్వు పూర్తిగా రాలేదు. మార్కులు వచ్చియుండిన వచ్చెడిది.

తోలు బేరము మాత్రము వదలుకొనెను. తండ్రి స్నేహితునితో ఏమి చెప్పెనో మేమడుగలేదు. దాచిన డబ్బుతో సన్నని రంపమొకటి కొనుక్కొనెను. ఇప్పుడు వాడు చేయు ప్రతి వింటికి పిడికిటిపట్టుక్రింద చిన్న చీటి అంటించుచున్నాడు. అందు వాని చేతివ్రాతతో ఇట్లుండును: వెదురు, నూఱుసార్లు లాగినది, దూదితో చూచినది, పొలుసులు రంగు. విజయవాడ జ్యోతిసురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియాక్రీడలలో మూడు బంగారుపతకములు గెలిచిన నాటినుండి మా పిల్లలకు విలువిద్యపై ఆశ హెచ్చినది. ఆ పోటీవిండ్లు లోహముతోను గాజునారతోను చేసినవి. వానిమీదను ఆకుల యచ్చులు, కొయ్యగీతల యచ్చులు వేసి అమ్ముచున్నారు. కొయ్య కాని వింటిమీద కొయ్యగీతలు! దానిని చూచి మా వడ్రంగి కొడుకు, "వాళ్ళు గూడ చీటి పెడ్తరా సార్?" అని యడిగెను.

ఈ దసరాకు జమ్మియొద్ద పెట్టుటకు క్రొత్త విల్లొకటి చేయుచున్నాడు. పాములు చాలునట, ధర్మరాజు వింటిమీదివలె ఆరుద్రపురుగులు కావలెనట. బేగంబజారునుండి బంగారుకాగితము తెచ్చి, తోలుపనివారి గుండ్రని పొడితో చిన్న బిళ్ళలు కొట్టుచున్నాడు. వింటి వీపున వానిని పేర్చి చూచుకొని నిన్న సాయంకాలము మాయొద్దకు వచ్చెను. రెండు కొమ్మలమీదను కలిపి ముప్పదియాఱే పట్టుచున్నవట. బిళ్ళలను చిన్నవి చేయవలెనా, లేక ధర్మరాజు విల్లే మన విల్లుకంటె పొడుగైనదా యని యడుగుచున్నాడు. మూలమున వింటి కొలత యేమైన దొరకునేమో చూచి చెప్పెదమంటిమి.